పళ్లు తెల్లబరచుకోవడం: క్లినిక్‌లోనా, ఇంట్లోనా?

నేను రోజంతా పిల్లల ముందు నిలబడి పాఠాలు చెప్పే మనిషిని. పొద్దున్నించి సాయంత్రం దాకా కాఫీ పడుతూనే ఉంటుంది. పైవరసలో ముందుపన్ను ఒకదానికి చాలా ఏళ్ల కిందట క్యాప్ వేయించుకున్నాను. అప్పట్లో పక్కపళ్ల రంగులో కలిసిపోయేది. వయసుతో, కాఫీతో పక్కపళ్లు పసుపెక్కాయి, క్యాప్ మాత్రం అలాగే ఉండిపోయింది. నవ్వితే అదొక్కటే వేరుగా కనిపించేది.

క్లినిక్‌లో చేయించుకోవడమా, ఇంట్లో చేసుకోవడమా అన్నది తేల్చుకోవడానికి డెంటిస్టు దగ్గరికి వెళ్లాను. ఆవిడ ముందు చూసింది వేరే సంగతి: రంగు పంటిమీద ఉందా, పంటిలో ఉందా అని. కాఫీ, టీ, పొగాకు మరకలూ గారా పంటిపైన పేరుకునేవి. అవి మామూలు క్లీనింగ్‌తోనే చాలావరకు పోతాయి. నాకూ ముందు అదే చేసింది. దాంతోనే పళ్లు ఒక మెట్టు తెల్లబడ్డాయి. చాలామందికి ఇక్కడితోనే సరిపోతుందని, బ్లీచింగ్ అక్కరే రాదని నా నమ్మకం.

మిగిలినది లోపలి రంగు. పంటి గట్టి పైపొర అయిన ఎనామెల్ వెలుతురును కొంత లోపలికి పోనిస్తుంది, దాని కింద ఉండే డెంటిన్ సహజంగానే పసుపు. ఏళ్లు గడిచేకొద్దీ ఎనామెల్ అరిగి ఆ పసుపు బయటపడుతుంది. దాన్ని మార్చేది పెరాక్సైడ్ అనే బ్లీచింగ్ రసాయనమే, క్లినిక్‌లోనైనా ఇంట్లోనైనా. తేడా అంతా మోతాదులో, సమయంలో. క్లినిక్‌లో వాడే హైడ్రోజన్ పెరాక్సైడ్ సాధారణంగా 25 నుంచి 40 శాతం. చిగుళ్లకు తగిలితే కాలుతుంది కాబట్టి ముందు వాటికి రక్షణపూత వేస్తారు. ఇంట్లో రాత్రిపూట పళ్లకు తొడుక్కునే ట్రేలో పెట్టే జెల్ ఎక్కువగా 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్. అంటే దాదాపు 3.5 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో సమానం. 1989లో హేవుడ్, హేమన్ అనే ఇద్దరు దంతవైద్యులు ఈ రాత్రిట్రే పద్ధతిని వైద్యపత్రికలో వివరించారు. అప్పటినుంచీ వాడుకలో ఉన్నదే.

క్లినిక్ పద్ధతిలో ఒక్క పూటలో తేడా కనిపిస్తుంది. కానీ ఆ రోజు కనిపించే తెలుపులో కొంత పళ్లు తడి ఆరిపోవడం వల్ల వచ్చేది, కొద్దిరోజుల్లో తగ్గుతుంది. పైన వెలిగించే నీలి దీపం వల్ల చివరికి ఒరిగేది పెద్దగా లేదని పరిశోధనల్లో ఎక్కువ భాగం చెబుతున్నాయి. తొందర ఉన్నవాళ్లకు అది మంచి దారే. నాకు తొందర లేదు, క్యాప్ ఉంది. క్యాప్‌లకూ ఫిల్లింగ్‌లకూ బ్లీచ్ అంటదు. కాబట్టి నా పళ్లు క్యాప్ రంగు దగ్గరికి వచ్చి ఆగాలి, దాన్ని దాటిపోకూడదు. మెల్లగా తెల్లబడే పద్ధతిలోనే ఆ అదుపు దొరుకుతుంది. అందుకే డాక్టరు నా పళ్ల అచ్చు తీసి చేయించిన, ఇంట్లో పెట్టుకునే ట్రేనే ఎంచుకున్నాను. ఇల్లూ క్లినిక్కూ కాని ఈ మధ్యదారి గురించి ఎక్కువమందికి తెలియదు, ముందుగా అడగాల్సింది దీన్నే అంటాను.

ట్రేలో ఒక్కో పంటి గూట్లో చిన్న చుక్క జెల్ చాలు. ట్రే పెట్టాక చిగుళ్లమీదికి పొంగినది మెత్తటి బ్రష్‌తో తుడిచేయాలి. చల్లనీళ్లు తాగితే కొన్నాళ్లు పళ్లు జివ్వుమన్నాయి. రాత్రి విడిచి రాత్రి పెట్టుకోమంది డాక్టరు, పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు వాడమంది. తగ్గింది. రంగు కుదిరిన రాత్రితో ఆపేశాను.

అంగట్లో దొరికే స్ట్రిప్పులూ పనిచేస్తాయి, వాటిలోనూ పెరాక్సైడే ఉంటుంది. పళ్లు వరసగా లేనివాళ్లకు మాత్రం సరిగ్గా అంటుకోవు, సందుల్లో పసుపు మిగిలిపోతుంది. బొగ్గుపొడి, నిమ్మరసం జోలికి మాత్రం దయచేసి పోకండి. బొగ్గు గీకుతుంది, నిమ్మరసం ఎనామెల్‌ను కరిగిస్తుంది. పోయిన ఎనామెల్ మళ్లీ పుట్టదు, కిందున్న పసుపు ఇంకా తేలుతుంది. పుచ్చుపన్ను, చిగుళ్ల వాపు ఉంటే ముందు వాటికి వైద్యం చేయించుకోవాలి. గర్భిణులు ఆగడం మేలు. ముందుపళ్లకు కొత్తగా ఫిల్లింగ్ వేయించుకోవాలంటే బ్లీచింగ్ అయ్యాక రెండు వారాలైనా ఆగాలి, లేకపోతే అది గట్టిగా పట్టదు.

నా పళ్లు చూసి మా తమ్ముడు "అక్కా, మిగిలిన జెల్ నాకిచ్చెయ్" అన్నాడు. ఇవ్వలేదు. చిన్నప్పుడు బంతి తగిలి వాడి ముందుపన్ను ఒకటి బూడిదరంగుకు తిరిగింది. లోపలి నరం చచ్చిపోయిన పన్ను అలా మారుతుంది. పైన ఎంత జెల్ పెట్టినా చుట్టుపక్కలవి తెల్లబడి అది ఇంకా నల్లగా కనిపిస్తుంది. దానికి ఎక్స్‌రే తీసి, అవసరమైతే రూట్ కెనాల్ చేసి, పంటి లోపలే బ్లీచ్ పెట్టాలి. అది క్లినిక్‌లోనే అయ్యే పని. వాడికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.