ఎవరి కిడ్నీకి మేడమ్?

శ్రీకాకుళంలో ఫార్మకాలజీ, అంటే మందుల శాస్త్రం, చెబుతాను. 2019లో వచ్చిన ఎంబీబీఎస్ సిలబస్‌లో మందుల ప్రచార కాగితాలను పరిశీలించడం, మందుల కంపెనీ తరఫున డాక్టర్ల దగ్గరికొచ్చే మెడికల్ రెప్‌తో ఎలా మాట్లాడాలన్నది కూడా ఉన్నాయి. మొదటిసారి ఈ క్లాసు తీసుకున్నప్పుడు గంటసేపు కంపెనీలను తిట్టాను. పిల్లలు తలలూపారు. తర్వాత రికార్డులు దిద్దుతుంటే అన్నింట్లోనూ ఒకే తప్పు. ఒకరిది చూసి ఒకరు దించేశారు.

మరుసటి ఏడాది తిట్లు మానేశాను. తెలిసిన డాక్టర్ల సొరుగుల్లోంచి నిగనిగలాడే కాగితాలు పోగేసి, ఐదుగురికి ఒకటి చొప్పున పంచాను. ఒకదాని మీద పెద్ద అక్షరాలతో ‘ముప్పు 50 శాతం తగ్గుతుంది’ అని ఉంది. లెక్క తీయమన్నాను. మందు వాడనివాళ్లలో నూటికి నలుగురికి జబ్బు వస్తే, వాడినవాళ్లలో ఇద్దరికి వచ్చింది. సగం తగ్గిన మాట నిజమే. కానీ ఒక్కరికి మేలు జరగాలంటే 50 మంది ఆ మందు మింగాలి. ఈ చిన్న లెక్కకే అరగంట పట్టింది, అదీ నీట్‌లో ర్యాంకులు కొట్టిన పిల్లలకి! ఇంకో కాగితంలో గ్రాఫు సున్నా దగ్గర కాక 80 దగ్గర మొదలైంది. గోరంత తేడా కొండంత కనిపిస్తోంది.

అయినా క్లాసు నిజంగా కదిలింది ఒక నొప్పి మాత్ర కాగితంతో. ‘కిడ్నీకి సేఫ్’ అని ఉంది దాని మీద. అంతవరకూ నోరు విప్పని కవిటి అమ్మాయి లేచి, "ఎవరి కిడ్నీకి మేడమ్?" అంది. కిడ్నీ జబ్బులతో అల్లాడే ఉద్దానం పిల్ల ఆ మాట ఎందుకడిగిందో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. కింద చీమ తలంత అక్షరాల్లో ఉన్న రిఫరెన్సు వెతికి చదివాం. కిడ్నీ జబ్బున్నవాళ్లను ఆ పరిశోధనలో చేర్చుకోనేలేదు. 2024 మార్చిలో కేంద్రం తెచ్చిన మార్కెటింగ్ కోడ్ ప్రకారం, షరతులు చెప్పకుండా ‘సేఫ్’ అని రాయనే కూడదు.

రెప్‌లను విలన్లను చేయడం మాత్రం నాకిష్టం లేదు. ఎండలో బ్యాగు మోసుకుంటూ టెక్కలి, పాలకొండ తిరిగే కుర్రాళ్లు, టార్గెట్ల టెన్షన్ వాళ్లది. అందుకే ఇప్పుడు పిల్లల్లో ఒకరిని రెప్‌గా నిలబెట్టి, మిగతావాళ్లని మర్యాదగా అడగమంటాను: ఎవరి మీద పరీక్షించారు, ఎన్నాళ్లు, పాత మందు కంటే ధర ఎంత ఎక్కువ?

మొన్న ఓపీ వరండాలో ఒక రెప్ కాగితం ఇవ్వబోయి ఆగాడు. "క్లాసుకా మేడమ్?" అన్నాడు. అవునన్నాను. నవ్వి, మళ్లీ బ్యాగులో పెట్టేసుకున్నాడు.