మాల వేసుకున్న మూడో రాత్రి

పాలకొల్లుకూ నరసాపురానికీ మధ్య ఉన్న మా ఊళ్లో నాకు నాలుగెకరాల రొయ్యల చెరువు ఉంది. రోజూ తెల్లవారకముందే, రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగి, అందులోని రొయ్యను టార్చిలైటు వెలుగులో పట్టుకుని దాని లివర్ రంగు చూడడం పదేళ్లకు పైగా నాకు అలవాటు. లివర్ పాలిపోయినా, చిన్నబోయినా చెరువుకు ఏదో రాబోతోందని గ్రహించి ఆ పూట మేత తగ్గించేస్తాను. నా సొంత లివర్ సంగతి మాత్రం నలభై ఆరో ఏట ఆసుపత్రి మంచం మీద పడేదాకా నాకు పట్టలేదు.

తాగుడు చెరువు గట్టు మీదనే మొదలైంది. వెన్నామి రకం రొయ్యల చెరువులో ప్రాణవాయువు తెల్లవారుజామున బాగా తగ్గిపోతుంది కనుక, కరెంటు పోయిన మరుక్షణం జనరేటరు వేసి, నీటికి గాలి అందించే ఏరియేటర్లు తిప్పడానికి రాత్రంతా ఎవరో ఒకరు మెలకువగా ఉండాలి. చలికని, దోమలకని, నిద్ర రాకుండా ఉండడానికని నాకు నేనే చెప్పుకుంటూ పాకలో ఒక పెగ్గుతో మొదలుపెట్టినవాణ్ణి, తెల్లమచ్చల వ్యాధి వచ్చి పంట మొత్తం పోయిన ఏడాదికి క్వార్టరుకు చేరాను. ఆ తరువాత లెక్క పెట్టుకోవడం మానేశాను.

అయినా నేను తాగుబోతును కానని గట్టిగా నమ్మేవాణ్ణి. అందుకు నా దగ్గర ఒక రుజువు ఉండేది. ఏటా కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టేవాణ్ణి కాదు. "అలవాటైనవాడు ఇన్నాళ్లు ఉండగలడా?" అని మా ఆవిడతో వాదించేవాణ్ణి. మొదటి నాలుగు రోజులు చేతులు వణికితే అది చన్నీళ్ల స్నానం వల్ల అనుకున్నాను. నిద్ర పట్టకపోతే నేల మీద పడక కదా అనుకున్నాను. ఇరుముడి దించి ఇంటికి వచ్చిన వారంలోనే మళ్లీ పాకలో సీసా తెరుచుకునేది.

2023 కార్తీకంలో కూడా అలాగే, ఆదివారం రాత్రి పొద్దుపోయేదాకా తాగి, సోమవారం తెల్లవారుజామున మాల వేసుకున్నాను. ఆ సాయంత్రం పూజలో హారతి పళ్లెం పట్టుకోలేకపోయాను. ఒళ్లంతా చెమటలు పట్టి, గుండె దడదడలాడింది. మంగళవారం తెల్లవారుజామున కాలువ రేవులో స్నానానికి దిగుతూ మెట్ల మీదనే పడి కొట్టుకున్నానట. పక్కనున్న స్వాములు నన్ను ఒడ్డుకు లాగి, మూర్ఛ అనుకుని చేతిలో తాళాల గుత్తి పెట్టారట. ఊళ్లో వైద్యం చేసే ఆయన నీరసమని చెప్పి రెండు గ్లూకోజు సెలైన్లు ఎక్కించి పంపించారు. నేను ఎంత తాగేవాణ్ణో, ఎప్పుడు ఆపానో ఆయన అడగలేదు, మెడలో మాల ఉన్నవాణ్ణి ఆ మాట అడగడం అపచారం అనుకున్నారేమో.

మూడో రాత్రి, అంటే బుధవారం రాత్రి, చాప నిండా రొయ్యలు పాకుతూ కనిపించాయి. వాటిని దులుపుతూ, ఏరియేటర్లు ఆగిపోయాయని, చెరువులో రొయ్యలు తేలిపోతున్నాయని కేకలు పెట్టాను. మా ఆవిడను గుర్తుపట్టలేదు. గాలి సోకిందని ఒకరు, నియమం తప్పితే స్వామి ఆగ్రహించాడని మరొకరు అన్నారు. మా బావమరిది మాత్రం ఎవరి మాటా వినకుండా 108కి ఫోను చేసి నన్ను భీమవరం తీసుకెళ్లాడు.

అక్కడి డాక్టరుగారు మా ఆవిడను అడిగిన మొదటి ప్రశ్న, "స్వామి చివరిసారి ఎప్పుడు తాగారమ్మా?" అని. తరువాత నాకు తెలివి వచ్చాక ఆయన చెప్పినదాన్నిబట్టి నాకు అర్థమైంది ఇది. మద్యం మెదడును అణచి ఉంచుతుంది. ఏళ్ల తరబడి అలా అణచి ఉంచితే, తలుపును అవతలినుంచి ఎవరో నెడుతుంటే ఇవతలినుంచి మనం ఆనుకుని నిలబడినట్లు, మెదడు తన ఉద్రేకాన్ని పెంచుకుని ఆ అణచివేతకు ఎదురు నిలబడుతుంది. అవతలివాడు హఠాత్తుగా వదిలేస్తే ఇవతలివాడు బోర్లా పడతాడు కదా. వణుకు, చెమటలు తొలి రోజునే మొదలవుతాయి, ఫిట్స్ రెండు రోజుల లోపు రావచ్చు, మతిభ్రమ సాధారణంగా రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య వస్తుంది. ఈ చివరిదానికి వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. నా లెక్క గడియారం చూసుకున్నట్లు సరిపోయింది.

నన్ను కుదిపేసిన మాట మరొకటి ఉంది. బాగా తాగుతూ ఒక్కసారిగా ఆపి, మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ ఆపడం పదే పదే జరిగితే ప్రతిసారీ మెదడు మరింత తీవ్రంగా తిరగబడుతుందట. నేను ఏటా రుజువుగా చూపించుకున్న ఆ 41 రోజులే నన్ను ఈ మూడో రాత్రికి సిద్ధం చేశాయన్నమాట. దీక్షది తప్పని నేను అనడం లేదు. నా శరీరం ఏ స్థితిలో ఉందో చూసుకోకుండా దీక్షను అడ్డం పెట్టుకున్నాను.

సెలైనుకు ముందు థయామిన్, అంటే బి1 విటమిన్, ఇంజెక్షన్ ఇచ్చారు. తాగేవాళ్లలో అది బాగా తగ్గిపోయి ఉంటుందని, దాన్ని ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉందని అప్పుడు తెలిసింది. వణుకు, ఫిట్స్ తగ్గడానికి లొరాజెపామ్ ఇచ్చి, రోజురోజుకూ మోతాదు తగ్గించుకుంటూ వచ్చారు. కామెర్లను చూపించే బిలిరుబిన్ 5 దాటింది, కళ్లు పసుపురంగుకు తిరిగాయి; లివర్ వాచి, కొవ్వు పట్టి, గట్టిపడడం మొదలైందని స్కానింగులో తేలింది, లివరంతా మచ్చకట్టి గట్టిపడే సిర్రోసిస్ దాకా మాత్రం పోలేదు. మన భాషలో తాగేదానికీ, నయం చేసేదానికీ "మందు" అన్న ఒకటే మాట ఉండడంవల్ల, "మందు వేసుకున్నారా?" అని నర్సమ్మ అడిగినప్పుడల్లా పక్క మంచం వాళ్లు నా వైపు తిరిగి చూసేవారు.

వార్డు మార్చిన రోజున డాక్టరుగారు రోజుకు ఎంత తాగేవాడినని అడిగారు. క్వార్టరన్నాను. "క్వార్టరు కాదండీ, రెండు," అంది మా ఆవిడ, తల దించుకునే. ఆయన కాగితం మీద లెక్క వేశారు. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీ 30 మిల్లీలీటర్ల పెగ్గులో దాదాపు 10 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది; 180 మిల్లీలీటర్ల క్వార్టరుకు 60 గ్రాములు, రెండింటికి 120. గ్రాముకు 7 కేలరీల చొప్పున అవే 840 కేలరీలు. నాకు రాత్రి అన్నం సయించకపోవడానికీ, ఒంట్లో బలం లేకపోవడానికీ కారణం అందులో కొంత ఉంది. మేతను కిలోలతో, మందులను గ్రాములతో లెక్క రాసుకునే నేను, లెక్క లేకుండా పోసుకున్న పదార్థం ప్రపంచంలో ఇదొక్కటే.

కొద్దిగా తాగుతూ ఉండవచ్చా అని అడిగాను. నా లివర్‌కు కొద్దిగా అన్నది లేదని, పూర్తిగా మానాల్సిందేనని చెప్పారు. మానితే కొవ్వు కొన్ని వారాల్లోనే కరగడం మొదలవుతుందని, గట్టిపడినది మాత్రం నెమ్మదిగా, అదీ కొంతవరకే వెనక్కి తగ్గుతుందని అన్నారు. మా అత్తగారు మాత్రం, తాగితే వాంతులయ్యే మాత్ర ఏదో ఉందటగా, తెలియకుండా పులుసులో కలిపి పెడతామని బతిమాలారు. ఆయన ససేమిరా అన్నారు. డైసల్ఫిరామ్ అనే ఆ మాత్ర రోగికి చెప్పి, అతని ఒప్పుదలతో ఇవ్వవలసినదట. తెలియక దాని మీద తాగితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు, పైగా నాలాంటి లివర్‌కు అది పనికిరాదు. నాకు తాగాలన్న కోరిక తగ్గడానికి బాక్లోఫెన్ రాశారు. మా చుట్టుపక్కల ఊళ్లలో ఈ పులుసు వైద్యం ఇంకా ఎన్ని ఇళ్లలో రహస్యంగా సాగుతోందో తలుచుకుంటే భయమేస్తుంది.

ఇంటికి వచ్చాక మొదటి రెండు నెలలు నిద్ర పట్టేది కాదు. ఒక రాత్రి నేను పాకలోకి వెళ్లబోతుంటే మా ఆవిడ 14416కి, అదే మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే టెలి మానస్ హెల్ప్‌లైనుకు, ఫోను చేసి నా చేతికిచ్చింది. తెలుగులోనే మాట్లాడిన ఆ మనిషి అరగంట కబుర్లు చెప్పించి, కోరిక అల లాంటిదని, ఆ కాస్తసేపూ దాటితే విరిగిపోతుందని చెప్పాడు. పాకలో ఉన్న సీసాలు, గ్లాసులు తీసేయించి అక్కడ ఫ్లాస్కు పెట్టాను. రాత్రి కాపలాకు మనిషిని పెట్టుకున్నాను, అది ఖర్చే, కానీ ఆసుపత్రి బిల్లు ముందు ఏ మాత్రం.

మా బావమరిది కథ వేరు. అతనికి వణుకు లేదు, పొద్దున్నే తాగాలన్న కోరిక లేదు, పరీక్షలన్నీ బాగున్నాయి, కానీ రోజూ సాయంత్రం ఒక స్ట్రాంగ్ బీరు తాగేవాడు. "బీరేగా బావా" అనేవాడు. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు దాదాపు నాలుగు చిన్న పెగ్గులతో సమానమని తెలిశాక ముఖం మాడింది. అతను మేత పుస్తకం లాగే ఒక చిన్న పుస్తకం పెట్టాడు. వారంలో ఏ రెండు రోజులు తాగేదీ ముందే రాసుకున్నాడు, ఇంట్లో నిల్వ పెట్టడం మానాడు, అన్నం తిన్నాకే ముట్టుకుంటానని నియమం పెట్టుకున్నాడు. తప్పిన రోజున తప్పానని నిజాయితీగా రాస్తాడు. చలవ చేస్తుందని కల్లు మాత్రం లెక్కలోకి తీసుకోకుండా ఉండబోయాడు. పొద్దున దించిన కల్లు సాయంత్రానికి పులిసి మరింత ఘాటెక్కుతుందని నేనే గుర్తుచేసి రాయించాను. సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో చెప్పిన మాట అతనికీ తెలుసు, అయినా ఏడు సీసాల నుంచి రెండుకు రావడం చిన్న పని కాదు.

సంక్రాంతికి పందేల బరి దగ్గర చుట్టాలందరూ చేరారు. "పండగపూట ఒక్కటి, ఆయ్, ఏమీ కాదండి" అని గ్లాసు చేతిలో పెట్టినవాళ్లలో నన్ను ఆసుపత్రిలో చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నవారూ ఉన్నారు. వాదించలేదు. మాత్రలు వాడుతున్నాను, పడదు అని చెప్పి చెరువు గట్టుకు వచ్చేశాను. మానేశానని చెబితే బతిమాలేవాళ్లు, మాత్రలంటే ఊరుకుంటారు. ఆరు నెలలకు బిలిరుబిన్ మామూలుకు వచ్చింది. ఏడాది లోపు తీసిన ఫైబ్రోస్కాన్ పరీక్షలో లివర్ గట్టిదనం తగ్గింది. తాగుడువల్ల వచ్చిన అరికాళ్ల తిమ్మిరి మాత్రం పూర్తిగా పోలేదు.

2024 అక్టోబరులో మద్యం దుకాణాలు ప్రైవేటు వారి చేతికి వచ్చి 99 రూపాయల క్వార్టరు దొరకడం మొదలైన నెలలోపే కార్తీకం వచ్చింది. డాక్టరుగారిని అడిగి మాల వేసుకున్నాను. రెండో రోజు సాయంత్రం మా ఊరి సన్నిధానంలో గురుస్వామి తీర్థం ఇస్తుంటే, నా పక్కన కూర్చున్న కొత్త స్వామి చేయి వణికి తీర్థమంతా పంచె మీద ఒలికిపోయింది. చలి లేదు, అయినా అతని నుదుటి మీద చెమట. నేను గురుస్వామి దగ్గరకు వెళ్లి చెవిలో నాలుగు ముక్కలు చెప్పి, అతని భార్యను పిలిపించి, "స్వామి చివరిసారి ఎప్పుడు తాగారమ్మా?" అని అడిగాను. నిన్న తెల్లవారుజామున అంది. భజన పూర్తి కాకముందే భీమవరానికి బండి తీశాను.