జిప్సమ్ సీలింగ్‌లో స్పీకర్లు: ఎడమ పెట్టె బిగిసింది, కుడిది మిగిలింది

విశాఖ ఎంవీపీ కాలనీలో ఫ్లాటు, 12×14 అడుగుల ఏసీ గది. శ్లాబుకి 8 అంగుళాలు కిందకి జిప్సమ్ సీలింగ్ వస్తోంది. జీఐ (జింకు పూత ఇనుము) ఫ్రేము కట్టడం అయింది, బోర్డులు ఇంకా ఎక్కలేదు. స్పీకర్ల వెనక పెట్టెలు పెట్టడానికి ఇదే అదను. బోర్డు పడ్డాక 8 అంగుళాల కన్నంలోంచి 20 అంగుళాల పెట్టె పైకి పోదు.

ఈ పెట్టె శబ్దం కంటే ముందు గాలిని ఆపడం కోసం. బయట 32 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్న రోజున ఆ గాలి 27 డిగ్రీల వస్తువును తాకినా చాలు, నీరు పడుతుంది. ఏసీ 24 మీద నడిస్తే స్పీకరు ఫ్రేమూ దాదాపు అంతే చల్లబడుతుంది. కర్టెన్ పెల్మెట్ సందుల్లోంచి, ఏసీ పైపు కన్నంలోంచి సీలింగ్ పైకి చేరిన ఉక్కగాలి దానికి తగిలితే టెర్మినళ్లు తడుస్తాయి. పక్కనే సముద్రం, ఉప్పుగాలి. తుప్పుకి ఇంకేం కావాలి! చలిదేశాల చెక్క ఫ్రేము ఇళ్లలో దారి తలకిందులు: అక్కడ ఇంట్లోని వెచ్చటి తేమ పైకి పోయి చల్లటి చెక్క మీద నీరవుతుంది. అందుకే గాలి ఆపే పొరను కోయకుండా, దాని కిందే ఖాళీ వదిలి స్పీకర్లు అందులో దించుతారు.

స్పీకర్లు 6.5 అంగుళాలవి, 8 ఓమ్‌లు. పక్క గోడల నుంచి 2 అడుగులు, ఒకదానికొకటి 2.4 మీటర్లు. ఫ్యాను రెక్కలకి పైన మాత్రం పెట్టొద్దు, స్వరం అలలు అలలుగా వణుకుతుంది.

పెట్టె 12 మి.మీ. మెరైన్ ప్లైవుడ్. లోపలి కొలత 340×500×150 మి.మీ., అంటే పాతిక లీటర్లు. సీలింగ్ సెక్షన్లు (బోర్డు బిగించే ఫ్రేము పట్టీలు) 457 మి.మీ. దూరంలో ఉంటాయి కాబట్టి పెట్టె బయటి వెడల్పు 364 మి.మీ. వాటి మధ్య సరిగ్గా ఇముడుతుంది. ఇంకా చిన్నది చేస్తే బేస్ బిగుసుకుపోయి గుమ్‌గుమ్‌మంటుంది. మూలలకి ఫెవికాల్, స్క్రూలు, లోపల అంచంతా న్యూట్రల్ సిలికాన్. వెనిగర్ వాసన కొట్టే సిలికాన్ వద్దు, ఆ ఆమ్లం రాగినీ జీఐనీ తినేస్తుంది. పెట్టె సుమారు మూడున్నర కిలోలు. ఆ బరువు బోర్డు మీద పడకుండా శ్లాబుకి నాలుగు 6 మి.మీ. థ్రెడ్ రాడ్లతో వేలాడదీశాం. పెట్టెకి అడుగు ఉండదు; బోర్డుకి ఆనే అంచుకి 10 మి.మీ. ఈపీడీఎం రబ్బరు స్ట్రిప్పు అంటించి, బోర్డు ఎక్కాక అది సగం నలిగేలా నట్లు సర్దాలి.

వైరు 1.5 చదరపు మి.మీ. రెండు కోర్ల గుండ్రటి కేబులు. 12 మీటర్లకి రానూపోనూ 0.32 ఓమ్, 8 ఓమ్‌ల స్పీకరుకి పర్వాలేదు. పెట్టెలోకి పీజీ 11 గ్లాండ్ (కేబులును బిగించి కన్నం మూసే మరల బిరడా) ద్వారా వస్తుంది. చిక్కు ఇక్కడే వచ్చింది: గ్లాండ్ మర పొడవు 8 మి.మీ., ప్లైవుడ్ 12. నట్టుకి మర అందలేదు. ఆటో హింజ్‌లకి కార్పెంటర్లు వాడే 35 మి.మీ. బిట్టుతో లోపలి వైపు 7 మి.మీ. లోతు తొలిస్తే నట్టు పట్టింది. ముందే తొలవండి, పెట్టె అతికించాక డ్రిల్లు లోపల తిరగదు.

లోపల దిండ్లలో నింపే పాలిస్టర్ దూది 250 గ్రాములు, కన్నం కోసేటప్పుడు జారకుండా దోమతెర గుడ్డతో ఆపాం. పెట్టె మధ్యబిందువును దారానికి కట్టిన తూకం గుండుతో నేల మీదకి దించి గుర్తు పెట్టాం. బోర్డు మూసుకున్నాక అదే ఆధారం.

ఎడమవైపు బోర్డు ఎక్కింది, కన్నం కోశాం, స్పీకరు రిమ్ (అంచు) కింద 3 మి.మీ. ఫోమ్ టేపు వేశాం. స్పీకరును బోర్డుకి పట్టి ఉంచే క్లాంపులు చేతి స్క్రూడ్రైవరుతోనే బిగించాలి. డ్రిల్లు పెడితే జిప్సమ్ పిండైపోతుంది, రిమ్ ఒకవైపు లేస్తుంది.

పరీక్ష: కిటికీలు మూసి, ఏసీ, ఫ్యాను ఆపి, గది తలుపు తీసి వంటింటి ఎగ్జాస్ట్ వేసి, రిమ్ చుట్టూ అగరుబత్తి తిప్పాం. పొగ నిటారుగా లేచింది. కానీ గోడ మీద స్పీకరు వైరు ప్లేటు దగ్గర పక్కకి తోసుకుపోయింది. గాలి వైరు వచ్చే కాండ్యూట్ పైపులోంచి దిగుతోంది! పైపు మూతిని మెత్తటి డక్ట్ సీల్ పుట్టీతో మూస్తే ఆగింది. ఎం-సీల్ వాడితే రాయిలా గట్టిపడి రేపు వైరు లాగడం కుదరదు.

కుడివైపు సరిగ్గా పెట్టె పైన ఒక అడ్డు వస్తోంది. దాన్ని తీయడం లేదు. స్పీకర్లు రెండూ వరసలో ఉండాలి కాబట్టి పెట్టెను జరపలేం; ఎత్తు 110 మి.మీ.కి తగ్గించి, పొడవు 680కి పెంచి అదే పాతిక లీటర్లు రాబట్టాలి.