ఉదయగిరి చెంచాల లేబుల్‌కు ఫాంట్లు ఎంచిన తీరు: నా అనుభవం

నెల్లూరు జిల్లా ఉదయగిరిలో చెక్కతో చెంచాలు, గరిటెలు చేసే మహిళల బృందం ఒకటి తమ సరుకును అట్టపెట్టెల్లో పెట్టి అమ్మాలని నిర్ణయించుకుని, పెట్టె మీద అంటించే లేబుల్ పని నాకు అప్పగించింది. బొమ్మ, రంగు, కొలతలు త్వరగానే తేలిపోయాయి. భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పనితనానికి తగిన అక్షరాలను వెతకడానికే ఎక్కువ కాలం పట్టింది.

చేతిపని కాబట్టి చేతిరాతను పోలిన ఫాంటు పెట్టమని బృందం వారు కోరారు. నేను ఒప్పుకోలేదు. ఫాంటులో ఒక అక్షరం ఎన్నిసార్లు వచ్చినా ఒకే వంకరతో వస్తుంది కనుక, ‘చెక్క చెంచాలు’ అన్న రెండు మాటల్లోనే రెండు ‘చె’లూ అచ్చుగుద్దినట్లు కనిపించి అది చేతిరాత కాదని చెప్పేస్తాయి. పైగా ఆ చెంచాల అందం నునుపులోనూ, కొలత తప్పని వంపులోనూ ఉందే తప్ప వంకరల్లో లేదు. ధూర్జటి, తెనాలి రామకృష్ణ ఫాంట్లను కూడా పరీక్షించాను. శుభలేఖలకూ పోస్టర్లకూ చక్కగా నప్పే ఆ అలంకారం వంటింటి వస్తువు మీదికి పెళ్లి సందడిని తెచ్చింది. పొట్టిగా, బొద్దుగా ఉండే రామభద్ర దూరానికి బాగా కనిపించింది గానీ, అది శీర్షికలకు పనికివచ్చేదే. కింది చిన్న అక్షరాలకు మరొక ఫాంటు వెతకవలసి వచ్చేది.

అసలు పరీక్ష ఆ చిన్న అక్షరాల దగ్గరే ఉంది. ‘ధర’ అన్న మాటను లావు ఫాంటులో, లేబుల్ మీద ఉండవలసిన సైజులో, గోధుమరంగు అట్టకాగితం మీద ముద్రించి చూస్తే, ‘ధ’ కింది చిన్న గీత సిరాలో కలిసిపోయి ‘దర’ అయింది. ‘శుభ్రం’లోని ‘భ’కూ అదే గతి పట్టింది. తెర మీద పెద్దది చేసి చూసినప్పుడు ఇవేవీ కనబడవు. అందువల్ల వర్ణమాలను పక్కన పెట్టి, లేబుల్ మీద నిజంగా ఉండబోయే మాటలనే ప్రతి ఫాంటులోనూ అసలు సైజులో ముద్రించి పోల్చాను.

చివరికి ‘అనేక్ తెలుగు’ అనే ఫాంటును ఎంచుకున్నాను. 100 నుంచి 800 వరకు మందం, 75 నుంచి 125 వరకు వెడల్పు మార్చుకునే వీలున్నందున, సరుకు పేరుకు లావు రూపం, వాడుక సూచనలకు పలుచని రూపం ఒకే కుటుంబంలో దొరికాయి. పొట్లాల మీద తప్పనిసరిగా ముద్రించవలసిన వివరాలు 2011 నాటి నిబంధనల ప్రకారం హిందీలో గానీ ఇంగ్లీషులో గానీ ఉండాలి, తెలుగు అదనం మాత్రమే. అందుకని ఇంగ్లీషుకు అదే కుటుంబంలోని అనేక్ లాటిన్ తీసుకున్నాను. రెండు లిపులకూ ఒకే సైజు అంకె ఇస్తే సరిపోతుందనుకోకుండా, కంటికి సమానంగా కనిపించేదాకా సర్దాను. వరుసల మధ్య ఎడం విషయంలో ఇంగ్లీషు అలవాటు ఇక్కడ చెల్లదు. ‘నెల్లూరు జిల్లా’లోని లావత్తులు కిందికి దిగి, కింది వరుసలోని గుడి దీర్ఘాలను తాకుతాయి కనుక అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్ల ఎడం ఇచ్చాను.

ప్రెస్సుకు పంపేటప్పుడు మరొక జాగ్రత్త అవసరమైంది. మన డీటీపీ కేంద్రాల్లో చాలావరకు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడిగా ఉండే అక్షర సంకేతాల పద్ధతి) కాని ‘అను’ అనే పేరుగల ఫాంట్లతోనే పని సాగుతుంది. నా ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే అక్షరాల రూపు మారిపోవచ్చు, యూనికోడ్ తెలుగును సరిగా కూర్చలేని పాత సాఫ్ట్‌వేర్‌లోనైతే వత్తులు విడిపోతాయి. అందుకే అక్షరాలన్నిటినీ కర్వ్స్‌గా, అంటే ఫాంటుతో పనిలేని గీతల బొమ్మలుగా మార్చి పీడీఎఫ్ పంపాను. దిద్దుబాట్ల కోసం మార్చని ప్రతిని నా దగ్గరే ఉంచుకున్నాను. నమూనా చూసిన బృందం వారు ధర అంకెలను మాత్రం ఇంకాస్త పెద్దవి చేయమన్నారు. అలాగే చేశాను.