డిస్కులు లేని ల్యాబ్‌ను లేపిన నా అనుభవం

2008 వేసవిలో నేను కావలిలో ఒక కాలేజీ ల్యాబ్‌లో ప్రోగ్రామర్‌గా పనిచేస్తున్నాను. కరెంటు కోతలకు హార్డ్‌డిస్కులు ఒక్కొక్కటే పోయి, యూనిక్స్ ల్యాబ్‌లో 20 సిస్టమ్‌లు ఉత్త డబ్బాలుగా మిగిలాయి. కొత్తవి కొనే డబ్బు లేదన్నారు. ఒక్క సర్వర్ పెట్టి, డిస్కు లేకుండానే అన్నింటిలో లైనక్స్ నడుపుతానని నేనే ముందుకొచ్చాను. సోమవారం ల్యాబ్ పరీక్ష.

మొదటి సగం తేలిగ్గానే అయింది. నెట్‌వర్క్ కార్డు ఐపీలు పంచే డీహెచ్‌సీపీ నుంచి ఐపీ (నెట్‌వర్క్‌లో తన చిరునామా) తెచ్చుకుంటుంది, ఫైళ్లు పంపే టీఎఫ్‌టీపీతో లైనక్స్‌కు గుండెకాయలాంటి కెర్నల్‌ను దించుకుంటుంది, ఆ కెర్నల్ సర్వర్‌లోని ఒక డైరెక్టరీని ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పద్ధతి) మీద తన రూట్‌గా, అంటే ఫైళ్లన్నీ ఉండే మూల డైరెక్టరీగా, మౌంట్ చేసుకుంటుంది (తగిలించుకుంటుంది). స్టార్టప్ స్క్రిప్టులు మొదలయ్యాయి. నాలుగు లైన్లు కదిలి తెర బిగుసుకుపోయింది. కాసేపటికి ఒకటే మాట: 'సర్వర్ నాట్ రెస్పాండింగ్, స్టిల్ ట్రయింగ్'.

ఆ మాట నమ్మి రెండు రోజులు పోగొట్టుకున్నాను. కేబుళ్లు మళ్లీ క్రింప్ చేశాను, స్విచ్ మార్చాను, సర్వర్‌లో ఎన్‌ఎఫ్‌ఎస్ ఎన్నిసార్లు రీస్టార్ట్ చేశానో లెక్కలేదు. "ఏంది అబ్బయ్యా, సోమవారానికి లేస్తాయా ఇవి?" అని మా సీనియర్ సార్ అడిగినప్పుడల్లా టెన్షన్.

శుక్రవారం రాత్రి ఒక సంగతి తట్టింది. క్లయింట్ (డిస్కు లేని సిస్టమ్) రూట్ అంతా సర్వర్‌లోనే ఉంది కదా, దాని స్క్రిప్టులను ఇక్కడి నుంచే దిద్దవచ్చు. స్క్రిప్టులను వరసగా పిలిచే ఆర్‌సీ ఫైల్ తెరిచి, ఒక్కోదానికి ముందు దాని పేరు చూపే ఎకో, 5 సెకన్లు ఆపే స్లీప్ పెట్టాను. సర్వర్‌లో ఒక విండోలో ఆ క్లయింట్‌కు 'ఉన్నావా' అని అడుగుతూ ఉండే పింగ్ వదిలాను. తెర మీద పేర్లు నిదానంగా దిగుతున్నాయి, పింగ్ జవాబులు వస్తున్నాయి. 'నెట్‌వర్కింగ్' అన్న పేరు పడింది. అంతే, జవాబులు ఆగిపోయాయి.

నెట్‌వర్క్ కార్డుల సెట్టింగ్‌లుండే ఇంటర్‌ఫేసెస్ ఫైల్ తెరిస్తే విషయం తేలిపోయింది. మామూలు డిస్కున్న సిస్టమ్ నుంచి కాపీ చేసిన రూట్ అది. అందులో ఈత్0కు (నెట్‌వర్క్ కార్డుకు) 'ఆటో' (బూట్‌లో దానంతటదే లేపు), 'డీహెచ్‌సీపీ' అని ఉంది. బూట్ అయ్యేటప్పుడు కెర్నల్ తెచ్చుకున్న ఐపీని ఆ స్క్రిప్టు ముందు తీసేసి, కొత్తగా అడగబోతోంది. ఐపీ పోగానే రూట్ పోయింది. కొత్త ఐపీ పెట్టాల్సిన ప్రోగ్రాము కూడా ఆ రూట్‌లోనే ఉంది! కూర్చున్న కొమ్మను నరుక్కోవడమంటే ఇదే. 'ఆటో' లైన్ తీసేసి, 'డీహెచ్‌సీపీ' బదులు 'మాన్యువల్' (దాన్ని ముట్టుకోవద్దు) అని రాశాను. లాగిన్ వచ్చింది. ఆ రాత్రి ల్యాబ్‌లో ఒక్కణ్ణే ఉన్నా గట్టిగా అరిచాను.

రెండో సిస్టమ్ ఆన్ చేస్తే మరో తలనొప్పి. ప్రోగ్రాములు నడుస్తూ రాసుకునే వార్ డైరెక్టరీ రెండింటికీ ఒకటే, ఒకదాని పీఐడీ ఫైళ్లను (నడుస్తున్న ప్రోగ్రాముల నంబర్లు ఉండేవి) ఇంకొకటి చెరిపేస్తోంది. వార్‌లోని రన్, లాగ్ రెండింటినీ ఏ సిస్టమ్‌కు ఆ సిస్టమ్ ర్యామ్‌లోనే ఉండే టీఎంపీఎఫ్‌ఎస్‌గా మౌంట్ చేస్తే సర్దుకుంది.

ఆదివారం సాయంత్రం వరసగా స్విచ్‌లు నొక్కుతూ పోయాను. 13వ సిస్టమ్ ఒక్కటి ఐపీ కోసం అడుగుతూనే ఉండిపోయింది. డీహెచ్‌సీపీ ఫైల్‌లో దాని మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు నంబరు) కొట్టేటప్పుడు 8 బదులు బీ పడింది. అది దిద్దాక 20 తెరల మీదా లాగిన్ కనబడింది.