టెక్సాస్ స్కూల్లో మా వాడి రిపోర్టులు అర్థం కావడానికి నాకు మూడేళ్ళు పట్టింది

2022 ఆగస్టులో విజయవాడ నుంచి డాలస్ దగ్గరికి వచ్చాం, మా వాడు అప్పుడు ఫస్ట్ గ్రేడ్. స్కూల్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో చేస్తుంటే హోమ్ లాంగ్వేజ్ సర్వే అని ఒక ఫామ్ వచ్చింది, ఇంట్లో ఎక్కువగా ఏ భాష మాట్లాడతారు, పిల్లాడు ఎక్కువగా ఏ భాష మాట్లాడతాడు అని. మాది తెలుగే కదా, తెలుగు అని పెట్టేశాను. సాయంత్రం పై ఫ్లాట్ అక్కకి చెప్తే అయ్యో ఎంత పని చేశావమ్మా, ఇంగ్లిష్ అని పెట్టాల్సింది, ఇప్పుడు వాడికి టెస్ట్ పెట్టి ఇంగ్లిష్ రాని పిల్లల లిస్టులో వేస్తారు అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అక్క చెప్పినట్టే అయింది. ఫస్ట్ గ్రేడ్ పిల్లలకి వినడం, మాట్లాడడం మీద చిన్న పరీక్ష పెడతారు. మా వాడు విజయవాడలో ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియమే, కానీ కొత్త మనిషి ముందు కూర్చోబెట్టి అడిగితే నోరు విప్పలేదు. నాలుగు వారాలు తిరక్కుండానే ఎల్‌ప్యాక్ అనే స్కూల్ కమిటీ నుంచి లెటర్, మీ అబ్బాయి ఎమర్జెంట్ బైలింగ్వల్ (అంటే ఇంట్లో వేరే భాష ఉండి ఇంగ్లిష్ ఇంకా నేర్చుకుంటున్న పిల్లాడు), ఈఎస్ఎల్ అంటే అలాంటి పిల్లలకి ఇంగ్లిష్‌లో సాయం చేసే ప్రోగ్రామ్‌లో పెట్టడానికి మీ సంతకం కావాలి అని. వారం రోజులు సంతకం పెట్టలేదు నేను. చివరికి టీచర్‌ని కలిస్తే ఆవిడ ఓపిగ్గా కూర్చుని క్లాసులో ఏం చేస్తారో చూపించింది, అదే క్లాసు, అదే పాఠం, కాకపోతే కొత్త మాటలకి బొమ్మలు, వాక్యం ఎలా మొదలుపెట్టాలో రాసిన కార్డులు ఎక్కువ ఉంటాయి. ఇంతకేనా వారం రోజులు ఏడ్చింది అనిపించి అక్కడే సంతకం పెట్టా.

ఆ లిస్టులో ఉన్న పిల్లలకి ప్రతి ఏడాది టెల్‌పాస్ అని, ఇంగ్లిష్ ఎంత వచ్చిందో చూసే రాష్ట్ర పరీక్ష ఉంటుంది. వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం నాలుగూ చూసి బిగినింగ్, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్, అడ్వాన్స్‌డ్ హై అని ఇస్తారు. ఫస్ట్ గ్రేడ్ దాకా టీచరే ఏడాదంతా గమనించి వేస్తుంది, సెకండ్ గ్రేడ్ నుంచి కంప్యూటర్ ముందు హెడ్‌సెట్ పెట్టుకుని చేయాలి. అక్కడే దెబ్బ తగిలింది. చదవడంలో అడ్వాన్స్‌డ్ హై వచ్చిన పిల్లాడికి మాట్లాడడంలో ఇంటర్మీడియట్ వచ్చింది, ఇంట్లో నోరు మూయని వాడికి! మీటింగ్ అడిగాను. తెలిసింది ఏంటంటే పిల్లలు మైక్‌లో చెప్పింది రికార్డ్ అవుతుంది, దానికి స్కోర్ వేసేది ఎక్కువగా కంప్యూటరే. మనం పిల్లలకి పెద్దవాళ్ళు అడిగితే అడిగినదానికి సమాధానం చెప్పు అని నేర్పుతాం కదా, వాడు అలాగే బొమ్మ చూసి ఒక్క ముక్కలో చెప్పి ఆపేశాడు. ఈ సంగతి ముందే ఎవరైనా చెప్పుంటే బాగుండేది. మరుసటి ఏడాది రోజూ అన్నం తినేటప్పుడు ఫోన్‌లో ఒక బొమ్మ చూపించి నిమిషం సేపు ఆపకుండా చెప్పమని రికార్డ్ చేసి మళ్ళీ వాడికే వినిపించేదాన్ని, ఏముంది, ఎవరు ఏం చేస్తున్నారు, ఎందుకు, తర్వాత ఏమవుతుంది అని. థర్డ్ గ్రేడ్‌లో మాట్లాడడంలో కూడా అడ్వాన్స్‌డ్ హై వచ్చింది.

థర్డ్ గ్రేడ్ నుంచి స్టార్ అని రాష్ట్రమంతా పిల్లలందరికీ పెట్టే పరీక్ష కూడా మొదలవుతుంది, రీడింగ్, మ్యాథ్. 2023లో దాన్ని మార్చారు, ఇప్పుడు అంతా ఆన్‌లైన్, మూడో తరగతి పిల్లాడు కూడా చదివినదాని మీద వ్యాసం టైప్ చేయాలి, కాబట్టి టైపింగ్ ముందునుంచే అలవాటు చేయండి. 2025 జూన్‌లో రిజల్ట్ వచ్చింది. స్కూల్ ఇచ్చిన కోడ్‌తో రాష్ట్రం వాళ్ళ సైట్‌లో ఓపెన్ చేస్తే రీడింగ్ దగ్గర 64 కనిపించింది, నాకు గుండె ఆగినంత పనైంది. టెన్త్‌లో 600కి ఎన్ని అని లెక్కేసుకుని పెరిగిన వాళ్ళం, 64 అంటే 64 మార్కులే అనుకున్నా. అది పర్సంటైల్, అంటే రాష్ట్రంలో ఆ క్లాసు పిల్లల్లో వందకి దాదాపు 64 మంది కంటే పైన ఉన్నాడని. అసలు చూడాల్సింది దాని పక్కనున్న లెవెల్. డిడ్ నాట్ మీట్, అప్రోచెస్, మీట్స్, మాస్టర్స్ అని నాలుగు. అప్రోచెస్ వస్తే పాస్ కిందే లెక్క కానీ క్లాసుకి తగ్గట్టు ఉన్నాడని అనాలంటే మీట్స్ రావాలి. మా వాడికి మీట్స్.

టెల్‌పాస్, స్టార్ రీడింగ్, టీచర్ అభిప్రాయం మూడూ చూసి కమిటీ వాడిని లిస్టు నుంచి తీసేసింది. ఇంకో రెండేళ్ళు గమనిస్తూ ఉంటారు, వెనకబడితే మళ్ళీ సాయం చేస్తారు.

ఇక రాష్ట్రం ఒక్కో స్కూల్‌కి 'ఏ' నుంచి 'ఎఫ్' దాకా అక్షరంలో ఇచ్చే గ్రేడ్ సంగతి. మనవాళ్ళు ఇల్లు కొనేముందు 'ఏ' రేటెడ్ స్కూలేనా అని మొదట అడుగుతారు, మేమూ అదే చూసి ఈ ఏరియాకి వచ్చాం. కానీ మేం చూసింది 2022 గ్రేడ్. ఆ తర్వాత కోర్టు కేసుల వల్ల 2023వి 2025 ఏప్రిల్‌లో బయటికొచ్చాయి, 2024వి, 2025వి కలిపి ఆ ఆగస్టులో ఇచ్చారు. అంటే మధ్యలో ఇల్లు కొన్నవాళ్ళంతా పాత అక్షరం చూసే కొన్నారు. ఆ అక్షరం వెనక మూడు భాగాలు ఉంటాయి, పిల్లల స్కోర్లు, ఏడాదికేడాది ఎంత ఎదిగారు, రకరకాల గ్రూపుల పిల్లలు వాళ్ళకి పెట్టిన లక్ష్యాలు ఎంతవరకు అందుకున్నారు. మొదటి రెండిట్లో ఏది బాగుంటే దానికి 70 శాతం, మూడోదానికి 30 శాతం. ఎలిమెంటరీలో స్కోర్ల భాగం అంటే అప్రోచెస్ దాటిన శాతం, మీట్స్ దాటిన శాతం, మాస్టర్స్ శాతం కలిపి మూడుతో భాగిస్తారు, అంతే. ఈ లెక్క తెలిశాక ఆ అక్షరం మీద నాకు మోజు తగ్గింది, 'ఏ' వచ్చిన రెండు స్కూళ్ళు లోపల ఒకేలా ఉండవు. నన్నడిగితే రాష్ట్రం ఒక్కో స్కూల్ మీద ఇచ్చే టేపర్ అనే వార్షిక రిపోర్ట్ తెరవండి, ఏషియన్, హిస్పానిక్, తక్కువ ఆదాయం, ఎమర్జెంట్ బైలింగ్వల్ అని గ్రూపులుగా నంబర్లు విడివిడిగా ఉంటాయి. నేను మా స్కూల్‌ది తెరిచి ఎమర్జెంట్ బైలింగ్వల్ వరుస దగ్గర చాలాసేపు ఆగిపోయాను, మా వాడు అందులో ఒకడు కదా. తెలుగు అని రాయకపోయుంటే వాడికి ఆ కార్డులూ ఉండేవి కావు, ఆ వరుసలో వాడి లెక్కా ఉండేది కాదు.

2027-28 నుంచి స్టార్ తీసేసి ఏడాదిలో మూడు చిన్న పరీక్షలు పెడతారు, 2025లో చట్టం చేశారు. అప్పటికి మా వాడు సిక్స్త్ గ్రేడ్, మళ్ళీ కొత్త రిపోర్ట్ చదవడం నేర్చుకోవాలి. ఈలోపు మా పాప కిండర్‌గార్టెన్ ఫామ్ వచ్చింది. పై ఫ్లాట్ అక్క మళ్ళీ ఫోన్ చేసి ఈసారైనా ఇంగ్లిష్ పెట్టు అంది. తెలుగు అనే పెట్టాను అక్కా, అన్నాను.