టీఎస్ 08 నుంచి ఓడీ 18 దాకా

2022 జూన్‌లో ఉద్యోగం కోసం హైదరాబాదు ఉప్పల్ నుంచి ఒడిశాలోని రాయగడకు సామాను తెచ్చుకున్నప్పుడు, ఇంటద్దె సగానికి సగం తగ్గింది కాబట్టి కారు బీమా కూడా అదే దారి పడుతుందని లెక్క వేసుకున్నాను. ఆ ఆశ పుట్టించినవాడు నా పాత ఏజెంటు. "మీరు పోయేది చిన్న ఊరు సార్, ట్రాఫిక్ తక్కువ, దొంగతనాలు తక్కువ, ప్రీమియం బాగా దిగుతుంది" అని ఫోనులో భరోసా ఇచ్చాడు. అక్టోబరులో రెన్యూవల్ కాగితం వచ్చింది. చిరునామా గడిలో రాయగడ ఉంది, ప్రీమియం మాత్రం హైదరాబాదుదే.

మా ఇంటి యజమాని రిటైరైన మాస్టారు. తాతల నాటినుంచి ఈ ఊళ్లోనే ఉన్న తెలుగు కుటుంబం వారిది. ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో ఒడియా. నా గోడు విని, "ఇల్లు మారితే ఏటవుతాది బాబూ, బండి నంబరు మారాల గాని" అన్నారు. ఏజెంటు చెప్పనిది ఆయన ఒక్క ముక్కలో చెప్పేశారు.

మన దేశంలో కారు బీమాకు రెండు ముక్కలుంటాయి. ఎదుటివారికి జరిగే నష్టానికి కట్టే థర్డ్ పార్టీ ప్రీమియాన్ని కేంద్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. అది ఇంజను పరిమాణాన్ని బట్టే గాని ఊరిని బట్టి మారదు. నాది 1,197 సీసీ పెట్రోలు బండి కనుక, 2022 జూన్ 1 నుంచి అమలైన రేటు ప్రకారం ఉప్పల్‌లో ఉన్నా రాయగడలో ఉన్నా 3,416 రూపాయలే. ఊరి ప్రభావం పడేది మన బండికి జరిగే నష్టానికి కట్టే ముక్క మీద. అందులో హైదరాబాదు, బెంగళూరు, చెన్నై, ముంబయి, పుణె, అహ్మదాబాదు, ఢిల్లీ, కోల్‌కతా నగరాలు ఏ జోను, మిగతా దేశమంతా బీ జోను. అయితే జోను తేల్చేది మనం నిద్రపోయే ఇల్లు కాదు, బండి రిజిస్టరైన చోటు. అందుకే రాయగడలో ఏడాదిపాటు కాపురమున్నా, కాగితం లెక్కలో నా కారు టీఎస్ 08 నంబరుతో ఉప్పల్‌లోనే ఉండిపోయింది.

చట్టం మాత్రం ఇల్లు మారిన సంగతిని అంత తేలిగ్గా వదలదు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం చిరునామా మార్పును 30 రోజుల్లో తెలియజేయాలి; బండి మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంటే అక్కడి నంబరు తీసుకోవాలి. ఊళ్లు మారే ఉద్యోగులకు 2021లో వచ్చిన, రాష్ట్రం మారినా మార్చనక్కరలేని భారత్ సిరీస్ నంబరు ప్రైవేటు ఉద్యోగికి దక్కాలంటే కంపెనీకి కనీసం నాలుగు రాష్ట్రాల్లో లేదా కేంద్రపాలిత ప్రాంతాల్లో కార్యాలయాలుండాలి. మాది ఒకే కర్మాగారం కనుక ఆ దారి లేదు. దాంతో 2023లో ఉప్పల్‌నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకుని రాయగడ రవాణా కార్యాలయం ఆవరణలో బండి నిలిపాను. ఒక కుర్రవాడు బానెట్టెత్తి, ఛాసిస్ నంబరు మీది మట్టిని గుడ్డతో తుడిచి, తెల్లకాగితం పెట్టి పెన్సిలుతో రుద్దాడు. అంకెలు ఒక్కొక్కటిగా తేలాయి గాని చివరి అంకె తేలలేదు. రెండోసారి రుద్దవలసి వచ్చింది.

ఇంత చేస్తే మిగిలిందెంత? ఒకప్పుడు అన్ని కంపెనీలకూ ఒకటే ఉన్న పాత టారిఫ్ రేట్లనే ఆధారంగా తీసుకుంటే, ఐదేళ్లు దాటిన నా సైజు బండికి బీమా విలువ మీద ఏ జోనులో 3.447 శాతం, బీ జోనులో 3.351 శాతం. 2007 నుంచి కంపెనీలకు తమ రేట్లు తాము వేసుకునే స్వేచ్ఛ ఉంది, డిస్కౌంట్లూ వేర్వేరుగా ఉంటాయి. అంచనాకు మాత్రం ఈ లెక్క చాలు. బీమా విలువ నాలుగు లక్షలనుకుంటే తేడా 384 రూపాయలు. క్లెయిమ్ చేయని ఏళ్లకు దక్కే తగ్గింపు, అంటే నాకున్న 45 శాతం నో క్లెయిమ్ బోనస్ పోగా 211 రూపాయలు. ఆ బోనస్ బండిది కాదు, యజమానిది. నంబరు మారినా అలాగే కొనసాగింది, అదొక్కటే ఊరట. ఇక్కడ మళ్లీ కట్టిన రోడ్డు పన్ను ముందు ఈ 211 రూపాయలను తలుచుకోవడానికే సిగ్గేసింది. పాత రాష్ట్రంలో కట్టిన పన్నులో మిగిలిన కాలానికి వాపసు అడగవచ్చు, నేనూ అడిగాను; ఆ తిరుగుడు వేరే కథ.

నిజానికి ఊరు మారినప్పుడు నేను ముందుగా ఆలోచించవలసింది ప్రీమియం గురించి కాదు. వానాకాలంలో కొండవాగు రోడ్డెక్కే చోట్ల నీరు లాగి ఇంజను ఆగిపోతే మామూలు పాలసీ ఆదుకోదు. దానికి విడిగా ఇంజను రక్షణ తీసుకోవాలి. ఉప్పల్‌లో ఉండగా ఎన్నడూ పెట్టుకోని ఆ అదనపు కవరును ఇక్కడ పెట్టించుకున్నాను. ఆదా అయిన 211 రూపాయలూ అందులో కలిసిపోయాయి.

కొత్త ఓడీ 18 నంబరును పాలసీలో ఎక్కించమని ఆర్సీ నకలు జతచేసి బీమా కంపెనీకి రాశాను. ఆర్సీలో ఒక నంబరు, పాలసీలో ఒక నంబరు ఉంటే క్లెయిమ్ వేళ నష్టం లెక్కగట్టడానికి వచ్చే సర్వేయరు మొదట పట్టుకునేది దాన్నే. పది రోజులకు ఆ మార్పు చూపే కాగితం, ఎండార్స్‌మెంటు, వచ్చింది, తీరా చూస్తే అందులో ఓడీకి బదులు ఓఆర్ అని పడింది. ఒడిశా 2012లోనే ఓఆర్ అక్షరాలను వదిలేసింది. వసారాలో కూర్చుని తిట్టుకుంటూ ఉంటే, మాస్టారు ఆ కాగితం అందుకుని కళ్లజోడు సర్దుకుని చదివి, గోడవారనున్న తన పాత స్కూటరు వైపు చూపించారు. దాని ప్లేటు మీద ఓఆర్ 18 ఉంది.

"నా బండికి పనికొస్తాది, నాకిచ్చీ బాబూ" అన్నారు.